పేరు పక్కన గారు

1952 జనవరి. అప్పటికి నేను ఏలూరులో ఒక ఆడపిల్లల ఎలిమెంటరీ స్కూల్లో టీచరుని. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. కులంతో, చదువుతో, ఆస్తితో పని లేకుండా ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు అవి. ఆడవాళ్ళ వరస దగ్గర ఆడమనిషే కూర్చోవాలని మా టీచర్లలో కొందరిని పోలింగ్ పనికి వేశారు. నాకు కొల్లేటి అంచున ఒక ఊరు పడింది. ఆ ఊరి పేరు రాయను. ఆనాడు ఒకరికొకరు ఎదురు నిలిచినవాళ్ళ మనవలు ఇవాళ ఒకే బస్సులో కాలేజీకి వెళ్తున్నారు. వాళ్ళ మధ్య పాత సంగతులు పెట్టడం నాకిష్టం లేదు.

అవి మామూలు రోజులు కావు. కూలి పెంచమని అడిగిన వాళ్ళు కొందరు ఇంకా జైళ్ళలో ఉన్నారు. కొందరు అప్పుడే బయటికొచ్చారు. పల్లెల్లో పోలీసులు దిగి వెళ్ళిన జాడలు ఇంకా పోలేదు. ఇంకో పక్క ఆంధ్ర రాష్ట్రం కావాలని సభలు. ఎవరు ఎటువైపో పక్కింటివాళ్ళని అడగడానికి కూడా జనం జంకేవారు.

మా ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే ఆ పోలింగ్ స్టేషన్‌కి పెద్ద, కామేశ్వరరావు గారు. తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఏడాదిలో రిటైరవుతారు. సన్నగా, కొంచెం వంగి నడిచేవారు. ఎవరితోనూ 'అండీ' లేకుండా మాట్లాడటం ఆయనకి చేతకాదు. మాకు కాపలా ఇచ్చిన కానిస్టేబుల్‌ని కూడా "ఏవండీ, ఆ పెట్టె కాస్త పట్టండి" అనేవారు. ఏలూరు నుంచి బస్సు, తరవాత ఎడ్లబండి, చివర కాలవలో దోనె. బ్యాలెట్ పెట్టెల్లో ఒకటి ఒళ్ళో పెట్టుకుని, అవి నీళ్ళలో పడతాయేమోనని దారంతా ఆయన భయపడుతూనే ఉన్నారు.

పోలింగ్ ఎలా జరిగేదో ఇప్పటివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. ఓటరు కాగితం మీద ముద్ర వేయక్కర్లేదు, తడిక చాటుకి వెళ్ళి తనకిష్టమైన పెట్టెలో ఆ కాగితం వేసి రావడమే. అంతకుముందు కామేశ్వరరావు గారు ఓటర్ల జాబితా చూసి పేరు పైకి చదువుతారు. అభ్యర్థుల తరఫున కూర్చున్న ఏజెంట్లు విని, అవును ఆ మనిషే అంటారు. అప్పుడు నేను ఆడవాళ్ళ ఎడమచేతి చూపుడువేలికి చెరగని సిరా పెడతాను. వేలు తడిగా ఉండకూడదు, నూనె జిడ్డు ఉండకూడదు. ఉంటే తుడిచి మరీ పెట్టాలని మాకు గట్టిగా చెప్పారు.

పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఊరి స్కూల్లో పోలింగ్ మొదలైంది. ఊరి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చారు. "సుభద్రమ్మ గారు", "వెంకట రత్నమ్మ గారు" అని ఆయన చదవడం, వాళ్ళు ముసిముసిగా నవ్వుతూ వేలు చాపడం. తమ పేరు నలుగురిలో అంత మర్యాదగా వినబడటం వాళ్ళకీ కొత్తే. మధ్యాహ్నానికి వరస పలచబడింది. మూడింటికి బల్ల ముందు ఎవరూ లేరు.

ఊరికే కూర్చోలేక నేను జాబితా తిరగేశాను. పేజీ పేజీకీ టిక్కులున్నాయి. చివరి నాలుగు పేజీల్లో మాత్రం ఒక్కటీ లేదు. పైన 'హరిజనపేట' అని అచ్చువేసి ఉంది.

"కామేశ్వరరావు గారూ, పేటవాళ్ళు ఒక్కరూ రాలేదండీ" అన్నాను.

ఆయన నావైపు కాకుండా కిటికీ వైపు చూశారు. "పొద్దుట్నుంచీ నేనూ అదే అనుకుంటున్నానమ్మా" అన్నారు మెల్లిగా.

మంచినీళ్ళకని లేచి స్కూలు వెనక్కి వెళ్ళాను. కాలవ గట్టు మీద మగా ఆడా, చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒకామె లేచింది. పాతికేళ్ళుంటాయేమో. కొంగు నడుముకి బిగించుకుంది. ఆమె పేరు చిట్టెమ్మ అనీ, కూలిసంఘంలో తిరిగినందుకు ఆమె భర్త ఇంకా జైల్లోనే ఉన్నాడనీ నాకు తరవాత తెలిసింది.

"మీరు ఓటు వెయ్యరా అమ్మా?" అని అడిగాను.

"ఎయ్యడానికే వచ్చామండి. పొద్దు పొడిచే ఏళకే వచ్చి కూకున్నామండి. ఊరోళ్ళవి అయిపోయాక పిలుత్తాం, అందాకా ఈదిలోకి రావద్దన్నారండి."

"ఎవరన్నారు?"

"ఎవరైతే ఏంటండి? రేపు కుప్పనూరుపులకి పిలవాల్సింది ఆళ్ళే కదండి."

"ఐదింటికి మూసేస్తారమ్మా."

"ఐదంటే పొద్దు ఎక్కడుంటదండి?" అని అడిగింది.

పడమటి దిక్కున తాటితోపు చూపించాను. "ఆ తలల మీదకి దిగేసరికి."

చిట్టెమ్మ ఆ తాళ్ళ వైపు, సూర్యుడి వైపు చూసింది. "అయితే మమ్మల్ని పిలవరన్నమాట" అంది. కోపంగా కాదు. లెక్క తేలినట్టు అంది.

లోపలికొచ్చి కామేశ్వరరావు గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచారు. "నాకింకా ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఉన్నాయమ్మా" అన్నారు. తరవాత ఆయనే రూల్సు పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి నాకు చదివి వినిపించారు. మూసే వేళకి ఆవరణలో ఉన్న ప్రతివారికీ, ఎంత ఆలస్యమైనా సరే, ఓటు వేయనివ్వాలి. "ఆవరణలో ఉంటే చాలు" అని మళ్ళీ ఒకసారి తనకి తను చెప్పుకుని, కండువా భుజాన వేసుకుని లేచారు. నేనూ వెంట నడిచాను.

గట్టు దగ్గర నిలబడి, "ఏవండీ, అందరూ లేవండి. స్కూలు ఆవరణలోకి రావాలి. ఇంతసేపు ఎండలో కూర్చోబెట్టాం, ఏమీ అనుకోకండి" అన్నారు. ఒక్కరూ కదల్లేదు. ఆయన మాట్లాడుతున్నది తమతోనేనని వాళ్ళకి తట్టలేదు. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి, అక్కడెవరున్నారా అని చూశారు కూడా. చిట్టెమ్మే ముందు అర్థం చేసుకుని అందరినీ లేపింది.

ఆవరణ గుమ్మం దగ్గర ఒక ఏజెంటు అడ్డం నిలబడ్డాడు. ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద రైతుకి అల్లుడు.

"గుమాస్తా గారూ, ఈ వీధిలోకి వాళ్ళు రారండి. సాయంత్రానికి మీరు పోతారు. మేం ఇక్కడ బతకాలి."

"అవునండీ. వాళ్ళూ ఇక్కడే బతకాలి కదండీ" అన్నారు కామేశ్వరరావు గారు. అంతటితో ఆగలేదు. "మీరు దారి ఇవ్వకపోతే నేను పోలింగ్ ఆపెయ్యాలండీ. ఎందుకు ఆపానో పైకి రాసి పంపాలి. పొద్దుట్నుంచీ మీవాళ్ళు వేసిన ఓట్లు అప్పుడు ఏమవుతాయో నాకు తెలియదండీ. దయచేసి ఆ అవస్థ నాకు తేకండి."

ఏజెంటు ఆయన్ని ఎగాదిగా చూశాడు. అరిచి ఉంటే తనూ అరిచేవాడేమో. ఆ మెత్తటి మాటకి ఏం చెయ్యాలో తోచక పక్కకి జరిగాడు.

ఆడవాళ్ళ వరసలో ముందు ఒక ముసలామెని నిలబెట్టింది చిట్టెమ్మ. కామేశ్వరరావు గారు చివరి పేజీలు తెరిచి, వేలితో వెతికి, చదివారు.

"దేవమ్మ..."

అక్కడ ఆగారు. ఒక్క క్షణమే. తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా సరే, ఒక గుమాస్తా పేట మనిషి పేరు అంతవరకే చదివి ఊరుకునే రోజులవి. తప్పని ఎవరికీ అనిపించేది కూడా కాదు. ఆయన తలెత్తి ఆమెని చూశారు.

"దేవమ్మ గారు" అన్నారు.

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఏజెంటు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ముసలామె మాత్రం ఒక అడుగు పక్కకి వేసి ఒదిగి నిలబడింది. ఎవరో గొప్పింటావిడ వస్తున్నారనుకుని దారి ఇచ్చింది.

"నిన్నేనే అత్తా!" అంది చిట్టెమ్మ.

"నన్నా?"

"మిమ్మల్నేనండీ, రండి" అన్నారు కామేశ్వరరావు గారు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. నేను ఆచారం గల ఇంట్లో పుట్టినదాన్ని. అప్పటిదాకా పేట మనిషి చెయ్యి నేను పట్టుకోలేదు. పట్టుకోకూడదని ఆ క్షణాన అనుకోలేదు కానీ, నా చెయ్యి మాత్రం తనంతట తనే దూరంగా ఆగింది. పుల్ల పైనుంచి చాపి సిరా చుక్క వదిలాను. వేలు తడిగా ఉంది. సిరా జారి కిందికి కారిపోయింది.

"శుబ్బరంగా ఉండాలని మాటిమాటికీ కాలవలో కడుక్కున్నానండమ్మా" అంది ఆమె తప్పు చేసినట్టు. "పైనుంచే ఒదిలెయ్యండి. ముట్టుకోకండి. నేనే సరిగ్గా పడతా."

నా మొహం మండిపోయింది. పొద్దుట్నుంచీ ఎండలో కూర్చుని, నాకోసం చేతులు కడుక్కుంటూ ఉందామె. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. తుడిచే గుడ్డ అప్పటికే తడిసి ముద్దయింది. నా కొంగుతో తుడిచాను. వేళ్ళు చల్లగా, గరుకుగా ఉన్నాయి. ఊడ్పులకి అరిగిన గోరు నిలువునా చీలి ఉంది. ఆ చీలికలోకి మంట పుట్టకుండా పక్కగా సిరా పెట్టి, ఆరేదాకా ఊదాను. మా ఇద్దరిలో ఎవరం చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"పనికెళ్తే పోద్దాండమ్మా ఇది?"

"కొన్నాళ్ళదాకా పోదు దేవమ్మ గారూ" అన్నాను. ఆ మాట అనడం అనుకున్నంత కష్టమేమీ కాలేదు.

తడిక చాటు నుంచి బయటికొచ్చాక ఆమె వేలు పైకెత్తి పట్టుకునే గుమ్మం దాటింది. ఆ వరస పొద్దు వాలేదాకా సాగింది. ప్రతి పేరు చివరా 'గారు' ఉంది. ప్రతి చెయ్యీ నేను పట్టుకున్నాను.

ఇది ఇక్కడితో అయిపోలేదు. వేళ దాటాక ఓట్లు వేయించారని, ఊళ్ళో కలహం రేపారని కామేశ్వరరావు గారి మీద పిటిషన్ పెట్టారు. ఆయన్ని ఎక్స్‌ప్లనేషన్, అంటే సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం రాసివ్వమని మా స్కూలుకొచ్చి నన్ను అడిగారాయన. మా నాన్నగారు వద్దన్నారు. ఉద్యోగం పోతుందని నాకూ భయమేసింది. రెండు రోజులు తాత్సారం చేశాను. ఆ రెండు రోజులకి ఇప్పటికీ సిగ్గుపడతాను. మూడోరోజు రాసిచ్చాను. తప్పేమీ తేలకపోయినా ఆయన్ని తాడేపల్లిగూడెం బదిలీ చేశారు. అక్కడే రిటైరయ్యారు. మళ్ళీ కలిసినప్పుడు ఆ రోజు సంగతి ఎత్తితే, "రూల్సులో ఉందమ్మా, చదివాను, అంతే" అన్నారు.

ఎండాకాలంలో చిట్టెమ్మ ఏలూరు వచ్చింది. భర్త విడుదలయ్యాడట. నన్ను వెతుక్కుంటూ స్కూలుకొచ్చింది.

"పదిహేను రోజులు నూరుపులకి పిలవలేదండి. కొల్లేట్లో చేపలు పట్టుకుని తిన్నామండి. మబ్బు పట్టేతలికి కుప్పలు తడిసిపోతాయని ఆళ్ళే కబురెట్టారండి" అంది.

"మావల్ల అవస్థ పడ్డారు" అన్నాను.

చిట్టెమ్మ నావైపు వింతగా చూసింది. "మీవల్లేంటండి? కదలకుండా కూకుంది మేం కదండి" అంది.

నిజమే. వాళ్ళు విసిగి ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటే, మేం ఆ నాలుగు పేజీలూ అలాగే కట్టగట్టి సీలు వేసి తెచ్చేసేవాళ్ళం. పోలింగ్ ప్రశాంతంగా జరిగిందని రాసేవాళ్ళం. ఏ అబద్ధమూ ఆడకుండానే అంత అన్యాయం జరిగిపోయేది. అంతసేపూ నేను వచ్చినవాళ్ళ వేళ్ళే చూస్తూ కూర్చున్నాను. రానివాళ్ళని చూడటం కూడా నా పనేనని మూడింటిదాకా నాకు తోచలేదు.

మూడేళ్ళకి మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చేసింది. ఈసారి నాకు అత్తిలి దగ్గర ఒక ఊరు పడింది. పోలింగ్ మొదలై గంటయిందో లేదో, జాబితా తీసుకుని ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి, పేటవాళ్ళు ఎక్కడున్నారో ఒకసారి చూసొద్దామన్నాను.

ఆయన నవ్వారు. "ఇంకా తొమ్మిదే కదండీ టీచరు గారూ, కంగారెందుకు?"

"తొమ్మిదికే అడగాలండీ" అన్నాను. "మూడింటికి అడిగితే, అప్పటిదాకా వాళ్ళు ఎండలో ఉంటారు."