పాటల డబ్బా, భోజనాల పిలుపు

అమెరికాలో, అరోరా ఊళ్లో మా తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్‌కి సౌండ్ చూసుకునే బాధ్యత ఏటా నాకే అప్పగిస్తారు. నా సంగీతజ్ఞానం చూసి కాదు; నా దగ్గర పొడవాటి వైరు ఉందని.

అంతకుముందు పిల్లల డాన్సులకి పాటలు రకరకాలుగా వచ్చేవి. గీతలు పడ్డ సీడీలు, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లు, వైరస్‌తో సహా పెన్‌డ్రైవ్‌లు. ఆ ఏడాది నేను సబ్బుపెట్టెంత వైఫై రౌటర్ ఒకటి కొన్నాను. బ్యాటరీతో నడుస్తుంది. మెమరీ కార్డు పెడితే చుట్టుపక్కల ఉన్నవాళ్లందరూ అందులో ఫైళ్లు పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. ‘చుట్టుపక్కల ఉన్నవాళ్లందరూ’ అన్న మాట నాకప్పుడు గొప్ప సదుపాయంలాగే వినిపించింది.

"దాని పాస్‌వర్డ్ మార్చారా?" అంది మా ఆవిడ, అమ్మాయి జడకి పూలు కుడుతూ.

"పులిహోర ఫంక్షన్‌ని ఎవరు హ్యాక్ చేస్తారే?"

"అడిగాను. అంతే."

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మొదటిసారి ఒక్కతే స్టేజీ ఎక్కుతోంది. కిందటేడు గ్రూప్ డాన్సులో వాళ్ల వంతు భోజనాలు మొదలయ్యాక వచ్చింది. చూసింది కుర్చీలూ, నిద్రపోతున్న ఒక అంకులూ. అందుకని కారెక్కగానే షరతు పెట్టింది.

"నాన్నా, ఎంప్టీ చెయిర్స్‌కి నేను డాన్స్ చెయ్యను. ఓకే?"

ఓకే అన్నాను. పాటల వరసలో భోజనాలకి చాలా ముందే దాని పేరు పెట్టాను. అధికార దుర్వినియోగం అనేంత అధికారం నాకెప్పుడూ లేదు గనక దీన్ని ఏమనాలో తెలియదు.

మేం అద్దెకి తీసుకున్నది ఒక స్కూలు భోజనశాల. ఒక చివర స్టేజీ, రెండో చివర వంటగది. తల్లిదండ్రులు పాటలు పెట్టుకోవడానికి వీలుగా వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను. ఫైళ్ల పేర్ల ముందున్న అంకెల ప్రకారం నా ల్యాప్‌టాప్ వాటిని వరసగా వాయిస్తుంది. కాసేపటికి చూస్తే, అందరికీ తమ పిల్లలే ముందు కావాలి గనక, ఒకటో నంబరు పాటలు చాలా ఉన్నాయి. తర్వాత ఒకటికి ముందు సున్నా చేరింది, దాని ముందు ఇంకో సున్నా. హాల్లో సగంమంది డేటాబేస్‌ల మీద బతికేవాళ్లే. ఆ నైపుణ్యం వృథా పోలేదు.

నేను రౌటర్ సెట్టింగ్స్ తెరిచాను. దానికి వేరే పాస్‌వర్డ్ ఉంది, కంపెనీవాడు పుస్తకంలో అచ్చువేసి ఇచ్చినదే. వరస సరిచేసి, ఇక ఎవరూ ఏదీ మార్చకుండా తాళం వేశాను. అంత తేలిగ్గా తెరుచుకున్నందుకు వస్తువు మీద గౌరవం పెరిగింది కూడా.

ఈలోగా భోజనాల కమిటీ అక్క వచ్చింది. చేతిలో గరిటె.

"తమ్మీ, పోయినేడు మీ డాన్సులు ఒడిసేసరికి సాంబారు సల్లగైంది. ఈసారి ఒంటిగంట అంటే ఒంటిగంటే."

"అలాగే అక్కా."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవ్."

కార్యక్రమం మొదలైంది. ముందుగా పెద్దలు మాట్లాడారు. ప్రతివాళ్లూ రెండు ముక్కలే చెప్తామన్నారు. మా అమ్మాయి స్టేజీ మీదికొచ్చి చేతులు ముద్ర పట్టి నిలబడేసరికి ఒంటిగంట అయింది. నేను తర్వాతి పాట నొక్కాను.

స్పీకర్లలోంచి అక్క గొంతు వచ్చింది. "భోజనాలు రెడీ అయినయ్! పెద్దోళ్లు ముందు రండ్రి. పులిహోర మనిషికి ఒక్కటే గంటె!"

హాలంతా లేచి నిలబడింది. ఆ రోజు ఏ అంశానికీ అంత ఏకగ్రీవ స్పందన రాలేదు.

మా అమ్మాయి ముద్ర విప్పకుండా నాకేసి చూసింది. కన్నీళ్లు ఇంకా రాలేదు, కానీ దారిలో ఉన్నాయని తెలుస్తోంది. నేను తడబడుతూ దాని పాట వెతికి పెట్టాను. కుర్చీలు ఖాళీ అయ్యాయి. జనం ప్లేట్లు పట్టుకుని వరస కట్టారు. వంటగది దగ్గర మొదలైన వరస గోడ వెంట తిరిగి సరిగ్గా స్టేజీ కిందికొచ్చి, అక్కడే ఆగిపోయింది.

మామూలుగా అయితే మనవాళ్లు డాన్సులు ఫోన్లలోంచి చూస్తారు. ఇప్పుడు ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో మజ్జిగ గ్లాసు. చేసేదేమీ లేక అందరూ కళ్లతో చూశారు. అది గమనించి మా అమ్మాయి అడుగులు గట్టిగా వేసింది. పాట అయిపోయాక చప్పట్లు కొట్టడానికి చేతుల్లేవు. ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. వరస ఇంకా కదలలేదు మరి.

మళ్లీ చేసింది.

తర్వాత నేను ప్లేటు పట్టుకుని అక్క ముందు నిలబడ్డాను. "సెట్టింగ్స్‌కి తాళం వేశాను కదక్కా?"

"మా వ్యాన్ల గూడ గదే డబ్బా ఉన్నది తమ్మీ, పోరగాళ్ల కార్టూన్లకి. మా దాని పాస్‌వర్డ్ కొట్టిన, నీది తెరుసుకున్నది. ఒంటిగంట కాంగనే ఫోన్ల రికార్డు చేసిన నా పిలుపు అన్నింటికంటె ముందట పెట్టిన. అన్నింటికీ ఒక్కటే తాళంచెవి ఇచ్చిండు వాడు. నువ్వు మార్చుకోలే."

పక్కనే ఉన్న మా ఆవిడ నాకేసి ఓసారి చూసి మజ్జిగ గ్లాసు అందించింది.

"అయినా వరస ఎందుకాగింది?" అని అక్కని అడిగాను.

అక్క నా ప్లేట్లో రెండో గంటె పులిహోర పడేసింది. "నీ బిడ్డ ఆడుతుంటే గంటె పట్టుకొని నిలబడి చూసిన. ఇగ వడ్డించేదెవరు?"

ఇంటికి వెళ్లేటప్పుడు వెనకసీటులోంచి గజ్జెల చప్పుడుతో పాటు మాట వినిపించింది. "నాన్నా, నెక్స్ట్ ఇయర్ కూడా లంచ్ టైమ్‌కే పెట్టు."

ఆ సాయంత్రమే డబ్బాకి పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది ఇద్దరికే చెప్పాను. ముందే అడిగింది గనక మా ఆవిడకి. వచ్చే ఏడు కూడా అవసరం గనక ఆ అక్కకి.