గోడ మీద కుదిరిన ఫోకస్

ఢిల్లీలో దండల పెళ్లిళ్లు చేయించీ చేయించీ అలిసిపోయిన రోజులవి. పురోహితుడు వద్దు, ముహూర్తం వద్దు అనేవాళ్లకు కూడా ముందు నిలబడేందుకు ఒక పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషిని నేను. దండలు తెచ్చేదీ నేనే, ఉపన్యాసం ఇచ్చేదీ నేనే. డిజిటల్ కెమెరా కొన్నాక ఫోటోల పని కూడా నాకే చుట్టుకుంది.

వాటిలో ఒక పెళ్లి మునిర్కాలో, పెళ్లికూతురు అద్దెకుంటున్న గదిలో జరిగింది. అమ్మాయిది తెనాలి వైపు, అబ్బాయిది వరంగల్. ఇద్దరూ చదువుకుంటున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పొద్దున్నే అయిపోయాయి. సాయంత్రం దండలు మార్చుకోవడమే మిగిలింది. అమ్మాయి తల్లి రాలేదు. కులం కానివాడితో, తాళి లేకుండా జరిగేది పెళ్లే కాదని, ఇక ఫోన్ కూడా చేయొద్దని చెప్పేసింది.

"ఒక్క ఫోటో బాగా తీయండి అంకుల్. నా మొహం చూస్తే అమ్మ కరుగుతుంది" అంది అమ్మాయి.

గోడకు ఇంటి ఓనరమ్మ తగిలించిన క్యాలెండర్ ఉంది. పులి మీద అమ్మవారు. తీసేయమన్నాను.

"వద్దంకుల్. ఆంటీ ఊరుకోదు. గది ఖాళీ చేయమంటుంది."

సరేనని, దేవుడి సాక్ష్యం లేని పెళ్లి ఎందుకు గొప్పదో ఆ క్యాలెండర్‌కు కూడా వినపడేలా చెప్పాను. కట్నం, కన్యాదానం, దేన్నీ వదల్లేదు. కెమెరా అందుకునేసరికి కిటికీలో వెలుతురు పోయింది.

"మీ స్పీచ్ అయ్యేసరికి పొద్దు గూకింది సార్" అన్నాడు పెళ్లికొడుకు. "ఇంకింత సేపైతే మా మొదటి పెళ్లిరోజు గూడ అయిపోతుండె."

ఫ్లాష్ వేస్తే మొహాలు పాలిపోతాయని ఆపేశాను. ఇద్దరినీ గది మధ్యలో పక్కపక్కన నిలబెట్టి, చెరోవైపు సమానంగా వచ్చేలా చూసుకుని నొక్కాను. కెమెరా వెనక అగ్గిపెట్టంత తెర మీద అంతా బాగానే కనిపించింది.

పెద్దగా ప్రింటు వేయించి తెచ్చాక చూస్తే ఇద్దరి మొహాలూ నీళ్లలో తడిసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. వాళ్ల భుజాల మధ్య నుంచి అమ్మవారు మాత్రం ముక్కుపుడకతో సహా మెరిసిపోతోంది. పులి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు.

కెమెరాతో వచ్చిన పుస్తకం అప్పుడు తెరిచాను. సరిగ్గా మధ్యలో ఏముంటే దాన్నే ఈ యంత్రం స్పష్టంగా పట్టుకుంటుందట. నేను మధ్యలో ఉంచింది ఇద్దరి నడుమ ఖాళీని. ముందు ఒకరి మొహాన్ని మధ్యలో ఉంచి మీట సగం నొక్కి పట్టుకోవాలి, అలాగే కెమెరా జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. మళ్లీ తీస్తానని అమ్మాయికి చెప్పాను. అప్పటికే తను ఇంకో ప్రింటు తెనాలికి, వాళ్లమ్మకు పోస్టు చేసేసింది.

కొన్నాళ్లకు అమ్మాయి నా మయూర్ విహార్ ఫ్లాట్‌కు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, మొహంలో నవ్వు.

"అమ్మ ఫోన్ చేసిందంకుల్. 'మొహాలేం కనపడ్లేదు గానీ అమ్మవారు ఎంత కళగా ఉందే! ఆవిడ ముందు చేసుకున్నామని చెప్పి ఏడవొచ్చుగా' అంది."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

ఒళ్లు మండింది. "అది కెమెరా ఫోకస్ తప్పడం వల్ల వచ్చిందని మీ అమ్మకు రాస్తాను" అన్నాను.

"రాయకండి. వస్తానంటోంది."

రాయలేదు. వాదించి నెగ్గడం నాకు వచ్చిన పనే. నెగ్గాక ఆ తల్లి రైలెక్కడం మానేస్తే?

చలి తగ్గాక ఆవిడ మునిర్కా గదికి వచ్చింది. కెమెరా తెమ్మని నన్నూ పిలిచారు. ఏడాది మారినా గోడ మీద పాత క్యాలెండరే. ఓనరమ్మ కొత్తది తెస్తే అమ్మాయే వద్దందట. తల్లి సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీసి కూతురి చేతిలో పెట్టి, "అతన్ని తినమను" అంది. అతను ఎదురుగానే ఉన్నాడు.

తర్వాత నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఈసారైనా సరిగ్గా తీయండి. మావాళ్లకు చూపించుకోవాలి. మొహాలూ పడాలి, అమ్మవారూ పడాలి."

ఇప్పుడు నాకు కెమెరా తెలుసు. వీళ్లను తలుపు దగ్గరికి పిలిచి, గోడను దూరంగా వదిలేసి నొక్కితే అమ్మవారు ఎర్రటి మసకైపోతుంది. ఉపన్యాసం కూడా అక్కర్లేదు. అమ్మాయి నా చేతుల వైపే చూస్తోంది.

"గోడకు ఆనుకుని కూర్చోండి" అన్నాను. "గోడా మీరూ ఒకే దూరంలో ఉంటే అన్నీ పడతాయి."

తల్లీ కూతురూ మంచం మీద సర్దుకున్నారు. అబ్బాయి అంచున ఒదిగాడు, సగం ఫోటోలోకే రాలేదు. ఆవిడ ఓసారి అటు చూసింది. "ఇటు జరుగు నాయనా, నువ్వు పడొద్దా?" అంటూ చెయ్యి పట్టి లాక్కుంది.

ఆవిడ మొహాన్ని మధ్యకు తెచ్చి మీట సగం నొక్కి పట్టాను. తెర మీద ఆకుపచ్చ గడి వెలిగింది. పూర్తిగా నొక్కాను.

"అమ్మవారు పడిందా?"

"పడిందమ్మా."

"ఇయ్యాళ స్పీచ్ లేదా సార్?" అన్నాడు అబ్బాయి. అతని చెయ్యి ఇంకా అత్తగారి చేతిలోనే ఉంది.

లేదన్నాను. టీ ఉంటే ఇమ్మన్నాను.