మనోడు బాగు చేసిన కంప్యూటర్

మా ఇంట్లో కంప్యూటర్ ఆగిపోయిన రోజు నేను ఎవరికీ చెప్పలేదు. మీట నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతోంది, పచ్చ లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. బట్టతో తుడిచాను. జ్వరం తగ్గిందేమోనని నుదురు తాకి చూసినట్టు గంటకోసారి వెళ్లి నొక్కి చూశాను. మూడో రోజు అమ్మ దాని మీద మడతపెట్టిన బట్టలు తెచ్చి పెట్టింది. అప్పుడిక బాపుకి చెప్పక తప్పలేదు.

నేను డిగ్రీలో చేరినప్పుడు బాపు దాన్ని హన్మకొండలో మూసేస్తున్న ఒక పెళ్లికార్డుల షాపు నుంచి తెచ్చాడు. మానిటర్ మూలన పసుపు బొట్టు ఇంకా అంటుకుని ఉండేది. ఆ షాపువాళ్లు వాడిన పాత తెలుగు అక్షరాలు అందులోనే ఉన్నాయి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో తెలిసేలా కీబోర్డు మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి పెట్టారు. వాటిని చూసే నేర్చుకున్నాను. ముక్కలన్నీ ఊడిపోయేనాటికి చూడకుండా కొట్టడం వచ్చేసింది.

అంతకుముందు నా డైరీ నోటుబుక్కులో ఉండేది. ఒకసారి మేనత్త వచ్చి, పుస్తకాల మధ్య దాన్ని చూసి, వంటింట్లో అందరి ముందూ పైకి చదివింది. "అమ్మో, ఇది మాట్లాడది గని, కడుపుల ఎంత పెట్టుకున్నదో సూడుండ్రి!" అంది. అందరూ నవ్వారు. అత్తకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఆ మర్నాడు నీళ్లు కాగే పొయ్యిలో ఆ నోటుబుక్కు వేసేశాను. అప్పటి నుంచి కంప్యూటర్లోనే రాసుకున్నాను. రోజుకో ఫైలు, పేరు బదులు తారీఖు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే గంట నాది. అలా నాలుగేళ్లు.

నలుగురిలో ఉంటే నాకు మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆగిపోయినవన్నీ ఆ ఫైళ్లలో ఉన్నాయి. ఎవరికీ తెలియనిది కూడా ఒకటుంది. పీజీ ఎంట్రెన్స్ రోజు హసన్‌పర్తి దగ్గర కాలేజీ గేటు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. అంతమంది, అన్ని గొంతులు. రోడ్డుకు అవతల బస్టాపులో మూడు గంటలు కూర్చుని ఇంటికొచ్చాను. పరీక్ష రాశాను గానీ సీటు రాలేదని ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు.

"దానికేమున్నది, మనోడున్నడు" అన్నాడు బాపు.

బాపుది స్టీలు సామాన్ల షాపు. ఆయనకు ప్రతి పనికీ ఒక మనోడు ఉంటాడు. గ్యాసుకు మనోడు, కరెంటుకు మనోడు, దవాఖానలో చీటీ రాయించడానికి మనోడు. బోర్డు పెట్టుకున్న సర్వీస్ సెంటర్‌కి వెళ్లడమంటే ఈ ఊళ్లో మనకెవరూ లేరని ఒప్పుకోవడమే ఆయన లెక్కలో. కంప్యూటర్ మనోడు, పక్క బట్టల షాపాయన అల్లుడు.

అల్లుడు వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. మూత విప్పకుండానే "బోర్డు పోయినట్టున్నది కాకా. విండోస్ గూడ బాగ పాతది. కొత్తది ఏసిస్త" అన్నాడు. నేను తలుపు పక్క నుంచి బాపు చెవిలో చెప్పాల్సింది చెప్పాను. ఆయన దాన్ని వీధికి వినిపించేలా చెప్పాడు.

"మా బిడ్డె చదువంత అండ్లనే ఉన్నదట. ఒక్కటి గూడ పోవద్దు, జర పైలం!"

"ఫికర్ జెయ్యకు చెల్లె. రెండ్రోజులల్ల తెచ్చిస్త."

కంప్యూటర్ పెట్టె తీసుకెళ్తున్నట్టు మేం చీటీ అడగలేదు. ఇంకొకరింటి అల్లుణ్ని చీటీ రాసిమ్మని ఎట్లా అడుగుతారు? పెట్టెను బైకు ట్యాంకు మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రెండ్రోజులు ఐదు వారాలయ్యాయి. మొదటి వారం "ఘన్‌పూర్‌ల కెమెరాలు పెడుతాన్న కాకా, రేపు పొద్దుగాల మీదే పని" అన్నాడు. తర్వాతి వారం ధర్మసాగర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత పార్టు హైదరాబాద్ నుంచి రావాలి. ఆ తర్వాత పార్టు వచ్చింది గానీ వేరేది వచ్చింది. బాపు ఫోన్ జేబులో పెట్టుకుంటూ నా వైపు చూడకుండా "చేస్తాండు" అనేవాడు.

"జర గట్టిగ అడుగరాదుండ్రి" అంది అమ్మ ఒకరోజు.

"ఎట్ల అడుగుత? పొద్దుగాల షటర్ లేపంగనే ఆయన మామ మొఖం సూడాలె. అల్లుని మీద మాటంటె ఊకుంటడా?"

ఒక మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. చెప్పాల్సిన వాక్యం కాగితం మీద రాసుకున్నాను, మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా గుర్తు పెట్టుకున్నాను. ఆయన ఎత్తాడు. నేను చదివాను. "అయిపోయినట్టే చెల్లె" అన్నాడు. ఆ తర్వాత అడగాల్సిన మాట కాగితం మీద లేదు. "సరే అన్నా" అని పెట్టేశాను.

ఆ రోజుల్లో నోటుబుక్కు తీసి రాయడానికి ప్రయత్నించాను. నాలుగు వాక్యాలు రాసి చించేశాను. నా చేతిరాత అందరికీ అర్థమవుతుంది.

ఆరో వారంలో ఒక ఆదివారం అల్లుడు పెట్టె తెచ్చి, వైర్లు కలిపి, మీట నొక్కాడు. తెర వెలిగింది. నీలి రంగు కొండల బొమ్మ వచ్చింది. బాపు చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"కొత్తదాని లెక్క చేసిన కాకా. డేటా ఒక్క ముక్క పోలె."

నిజమే. ఫైళ్లన్నీ ఉన్నాయి, తారీఖులన్నీ వరుసగా. ఒకటి తెరిచాను. తెర నిండా తోకలున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తిరగేసిన ప్రశ్నార్థకాలు. ఇంకొకటి తెరిచాను. అంతే. పదో, పదిహేనో తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు.

"ఇది... ఇట్లా లేకుండె" అన్నాను.

"నీ ఫైలే గదా చెల్లె? తారీఖు అదే, సైజు అదే. ఇగ నేనేం జెయ్యాలె?" ఆయనకు కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, షాపు కెమెరాల గురించి బాపుతో కాసేపు మాట్లాడి వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఏం జరిగిందో నా ఫోన్‌లో వెతికి, మెల్లగా నేనే తెలుసుకున్నాను. కొత్త విండోస్ వేసేటప్పుడు పాత షాపువాళ్ల ఫాంట్ తుడిచిపెట్టుకుపోయింది. నేను రాసిందంతా ఆ ఒక్క ఫాంట్‌లోనే చదవొస్తుంది. నావి ఉత్త టెక్స్ట్ ఫైళ్లు, ఏ ఫాంటో వాటిలో రాసి ఉండదు. నాలుగేళ్లు వాడాను గానీ దాని పేరు నేనెప్పుడూ చూడలేదు.

"మన క్యాలెండర్లు కొట్టే చెల్లెకు ఎరుకుంటది" అన్నాడు బాపు. చౌరస్తా దగ్గర పెళ్లికార్డులు, షాపు క్యాలెండర్లు కంపోజ్ చేసే ఆమె గురించి ఆ మాట. బాపు ఫోన్ చేస్తే, "ఒక ఫైలు తెమ్మను అన్నా. ఒక్కొక్క ఫాంట్ ఏసి సూస్త. ఏదో ఒకటి కుదురుతది" అందట.

ఒక ఫైలు. ఏ ఫైలు?

అక్షరాలు కుదిరాయో లేదో చూడాలంటే ఆమె చదవాలి. ఏ ఫైల్లో ఏముందో చదివి ఎంచుకోవడం నాకు కుదరదు, తారీఖులు మాత్రమే కనపడుతున్నాయి. రెండు రోజులు ఆ తారీఖుల ముందు కూర్చున్నాను. ఇది చిన్నక్క నిశ్చితార్థం, వద్దు. ఇది అమ్మతో గొడవైన వారం, వద్దు. ఎంట్రెన్స్ రోజు, దాని చుట్టుపక్కల రోజులు అసలే వద్దు. గుర్తున్న ప్రతి రోజూ ఏదో ఒక నొప్పి వల్లే గుర్తుంది. చివరికి నాకేమీ గుర్తులేని రోజు ఎంచుకున్నాను. ఎంట్రెన్స్ అయిన పది పన్నెండు రోజులకు, ఆషాఢంలో ఒక మంగళవారం. షాపులో గిరాకీ ఉండదు, ఇంట్లో పనీ ఉండదు. ఆ రోజు ఏమీ జరిగి ఉండదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.

నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. "ఎండల ఆటో ఎందుకు, నేను దింపుత" అని బాపు స్కూటర్ తీశాడు. దింపి వెళ్లలేదు. నాతోపాటు లోపలికొచ్చాడు.

మాకన్నా ముందు భార్యాభర్తలిద్దరు గృహప్రవేశం కార్డు కోసం కూర్చుని ఉన్నారు. కంపోజ్ చేసే ఆమె తెర మీద ఉన్నది మొదటి నుంచి చివరి దాకా వాళ్లకు పైకి చదివి వినిపించింది. ఎక్కడా ఆగకుండా, ఒకే గొంతుతో. వాళ్లు ఒక్కో పేరుకూ తలూపారు.

"చదివి వినిపియ్యకుంటె నాకు తృప్తి ఉండది అన్నా" అంది బాపుతో. "ఒక పెద్దనాయిన పేరు తప్పు పడ్డదనుకో, ఫంక్షన్ల నా పేరే మోగుతది. ఏదీ బిడ్డా, పెన్‌డ్రైవ్ ఇటియ్యి."

నేను ఇచ్చేశాను.

మొదటి ఫాంట్‌కి తోకలు పోయి సున్నాలు వచ్చాయి. రెండోదానికి తెలుగు వచ్చింది గానీ ఒత్తులు ఎగిరిపోయాయి. ఐదోదో ఆరోదో వేసేసరికి తెర మీద నా పేజీ నిలబడింది. నా అక్షరాలు, నేను రోజూ చూసే లావుపాటి అక్షరాలు. ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో! ఈలోగా ఆమె అలవాటు చొప్పున మొదలుపెట్టేసింది.

"ఈ రోజు వాన వస్తుందనుకున్నాం, రాలేదు. అమ్మ దోసకాయ పప్పు చేసింది. బాపు రెండింటికి అన్నానికి వచ్చాడు. పప్పులో పులుపు తక్కువైందన్నాడు. ఫ్యాన్ రెక్కలు తుడవలేదా అని అమ్మను అడిగాడు. నన్ను ఏమీ అడగలేదు. పదకొండో రోజు."

అదే గొంతు, గృహప్రవేశం చదివిన గొంతు. అయిపోయాక ఆమె తెర వైపే చూస్తూ, "కుదిరినయ్ గదా బిడ్డా? తప్పులేం లెవ్వు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆషాఢంలో నేను లెక్కపెట్టాను. రాసి పక్కన పెట్టేసి, పెట్టిన సంగతే మరిచిపోయాను.

బాపు గోడకు తగిలించిన నమూనా కార్డుల్లో ఒకటి తీసి అటూ ఇటూ తిప్పుతున్నాడు. కార్డు తిరగేసి ఉందని ఆయన చూసుకోలేదు. "ఆ ఫాంట్ కాపీ జేసియ్యి చెల్లె" అన్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు సిగ్నల్ దగ్గర ఒకసారి తల సగం తిప్పాడు. పచ్చ లైటు పడింది.

మర్నాడు అన్నం తింటూ, పళ్లెంలోకి చూస్తూ అడిగాడు: "పొద్దుగాల సంది ఏం జేసినవ్ బిడ్డా?"

"గదేం ముచ్చట? ఇంట్లనే ఉన్నది గదా" అంది అమ్మ.

"ఏం లేదు బాపు" అన్నాను.

ఆయన తలూపాడు. ఆ మర్నాడూ అడిగాడు. ఆదివారం కూడా అడిగాడు. బిల్లులో ఒక గిన్నె మరిచిపోకుండా చూసుకున్నట్టు, రోజూ అడుగుతున్నాడు. నేను రోజూ ఏం లేదంటున్నాను.

ఫాంట్ వేసుకున్నాక ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి. కానీ కొత్త ఫైలు తెరిచి తారీఖు వేయగానే చేతులు ఆగిపోతున్నాయి. రాయబోయే ప్రతి వాక్యం ఆ గృహప్రవేశం గొంతులో ముందే వినపడుతోంది. అందుకని పాతవే చదువుతున్నాను. పదకొండు నుంచి వెనక్కి వెళ్లాను, పది, తొమ్మిది, ఎనిమిది. ఒకటో రోజుకు ముందు రోజు ఎంట్రెన్స్. ఆ పేజీ చివర ఇలా ఉంది: బాపు చెయ్యి కడుక్కుంటూ, ఏంది బిడ్డా గట్లున్నవ్ అని అడిగాడు. ఏం లేదన్నాను. ఇంకోసారి అడుగుతాడని కూర్చున్నాను. టవల్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన అడిగాడు. అడగని రోజులనే నేను లెక్కపెట్టాను.

నిన్న బాపు అడగడం మరిచిపోయాడు. అన్నం తిని, చెప్పులు వేసుకుని, గేటు దాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కొచ్చి, చెప్పులతోనే గడపలో నిలబడ్డాడు. "ఏం జేసినవ్ బిడ్డా?" అన్నాడు. కొంచెం ఆయాసపడుతున్నాడు.

ఏం లేదనబోయాను. "కంప్యూటర్ల సౌండ్ వస్తలేదు బాపు" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, కంప్యూటర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని గురించి ఆయనకేమీ తెలియదు. ఒక్కో వైరూ పట్టుకుని అదిమి చూశాడు.

"ఎప్పటి సంది?"

"బాగైచ్చినప్పటి సంది."

"మరి చెప్పలేదేంది బిడ్డా?"

"చెప్తే మళ్ల అల్లునికే ఇస్తవని."

బాపు పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన అడిగినదానికి అది సగం జవాబే. నవ్వు ఆగాక కూడా ఆయన కాసేపు అక్కడే కూర్చున్నాడు, వైరు చేతిలో పట్టుకుని. మిగతా సగం చెప్పడానికి అంత టైము చాలు. నేను మానిటర్ మూలన పసుపు బొట్టును గోటితో గీకుతూ ఉండిపోయాను.

తర్వాత ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. రేపు కూడా అడుగుతాడు.