నడకబండికి పూసిన పడవ రంగు

1962లో నేను కోట అనే ఊరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. పది మంచాలు, ఒక్క డాక్టరుగారు. కడుపునొప్పి అని పిల్లల్ని తెస్తే ముందు నులిపురుగుల మందు పోయడం మా అలవాటు. చాలామందికి దాంతోనే తగ్గేది, అందుకే మాకు ధీమా ఎక్కువ.

బకింగ్‌హాం కాలువలో తిరిగే పడవలు చేసే వడ్రంగి పోలయ్య, ఏడాదిన్నర మనవణ్ణి ఎత్తుకుని వచ్చాడు. వాంతులు, కడుపునొప్పి. రెండుసార్లు మందు పోసి పంపించాం. మూడోసారి వచ్చేసరికి పిల్లవాడు పాలిపోయి, తాత భుజం మీద మెడ వాల్చేసి ఉన్నాడు. నాకు కోపం వచ్చింది.

"మట్టి తింటున్నాడేమో చూసుకోవద్దా పోలయ్యా?"

"మట్టిలోకి దించనే దించం నర్సమ్మా. నేను చేసిచ్చిన నడకబండి పట్టుకోని అరుగు మీదనే ఆడుకుంటా ఉంటాడు."

పిల్లవాడి నోరు తుడిస్తే గుడ్డకు ఎర్రగా అంటింది. నెత్తురనుకుని హడలిపోయాను. వేళ్ళతో నలిపి చూస్తే అది రంగు పెచ్చు.

"బండికి ఏం రంగు పూశావు?"

"పడవలకేసే రెడ్ లెడ్డే అమ్మా. గట్టిగా ఉంటదని రెండు పూతలేసినా." ఆ మాట గర్వంగానే చెప్పాడు.

రెడ్ లెడ్ అంటే సీసంతో చేసే రంగు. చెక్క నీటికి పాడవకుండా పడవలకు పూస్తారు. పళ్ళు వచ్చే వయసు కదా, చిగుళ్ళు దురదపెట్టి పిల్లవాడు బండి పైకొయ్యను కొరుకుతూ వచ్చాడు. అది ఒంట్లోకి పోతే విషమని చెప్పి, డాక్టరుగారు వెంటనే మద్రాసు ఆసుపత్రికి చీటీ రాశారు.

"నా చేతుల్తో నేనే విషం పెట్టినానా?" అని పోలయ్య కూలబడ్డాడు. మొదటిరోజే ఆ నోరు సరిగా చూడనిది నేను.

"ఇంకెవరికైనా చేసిచ్చావా?" అని అడిగాను.

పోలయ్య తలెత్తాడు. "నాలుగిళ్ళకు ఇచ్చినా. ముచ్చటపడి అడిగినారు."

అతని కొడుకూ కోడలూ పిల్లవాడితో మద్రాసు బస్సెక్కారు. పోలయ్య మాత్రం ఆగిపోయి, ఇంటింటికీ వెళ్ళి, తను చేసిన తప్పు తన నోటితోనే చెప్పి, నాలుగు బండ్లూ వెనక్కి తెచ్చాడు. వాటిలో రెండింటి మీద పాలపళ్ళ గాట్లున్నాయి. ఆ ఇద్దరు పిల్లల్నీ పిలిపించి విరుగుడు మందు ఇప్పించాం. వాళ్ళకు ప్రమాదం తప్పింది. పోలయ్య మనవడు బతికాడు గాని, మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఆ తర్వాత ఏ పసివాణ్ణి తెచ్చినా, ఏం తిన్నాడని అడిగే ముందు ఏం కొరుకుతున్నాడని అడిగేదాన్ని.

ఆటవస్తువుల రంగులు పరీక్షించాలన్న మాట ఆ రోజుల్లో మేమెవరం వినలేదు. ఇప్పుడు బొమ్మలకూ పిల్లల పుస్తకాలకూ ఆ నియమాలున్నాయి. వాటిని వట్టి చాదస్తమని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఊరుకోను. పోలయ్య కంటే మనవణ్ణి ఎక్కువ ప్రేమించిన తాతను నేను చూడలేదు. ఆ రంగు బిడ్డలకు పనికిరాదని అతనికి చెప్పినవాళ్ళే లేరు. రెండుసార్లు నా ఎదుటే కూర్చుని వెళ్ళాడు, నేనూ అడగలేదు.