తాళంచెవి ఎవరికిస్తావు?

మా మనవరాలికి ఉద్యోగం వచ్చిందని వినగానే నేను అడిగిన మొదటి మాట, "ఏం అమ్మాలి?" అని. అప్పటికి రాష్ట్రం ఇంకా రెండు కాలేదు. బన్సీలాల్‌పేటలో మా వీధిన చదువు ముగించిన పిల్లలంతా మెడకు టై బిగించుకుని ఏదో ఒకటి అమ్ముతూ తిరిగేవాళ్లు. ఒకడు ఫోను సిమ్ములు, ఇంకొకడు మంచినీళ్ల ఫిల్టర్లు.

"అమ్మడం కాదు అమ్మమ్మా. కంపెనీలో పనిచేసేవాళ్లకు జీతం కాక ఇంకా ఏమేం రావాలో అవి అందేలా చూడాలి."

"జీతం కాక ఏమొస్తాయి? తిట్లొస్తాయి."

తను నవ్వి, వేళ్లు ముడుస్తూ చెప్పింది. పీఎఫ్, ఆసుపత్రి కార్డు, కాన్పు సెలవు, బీమా. వీటిని చూసుకోవడానికే ఒక మనిషట, ఆ మనిషికి ఎంబీఏనట. నేను చదివింది మిషనరీ బడిలో ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. ఆడపిల్లల హాస్టల్లో వంటసరుకులు కొలిచిచ్చే పనిలో ముసలిదాన్నయ్యాను. నాకు తెలిసిన సదుపాయమల్లా మధ్యాహ్నం మిగిలిన పులుసు ఇంటికి తెచ్చుకోవడం. అయినా నెల తిరిగేసరికి జీతమిస్తారన్నారు కనక ఊరుకున్నాను.

అల్లుడికి బదిలీల ఉద్యోగం కావడంతో ఈ పిల్ల కాలేజీ రోజుల నుంచీ నా దగ్గరే ఉండేది. కంపెనీ బొల్లారం దాటాక ఉంది. స్కూలు యూనిఫారాలు కుడతారు. కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆరు నెలలు పని చూసి, నచ్చితేనే పర్మనెంటు అన్నారు. నేను పొద్దున్నే లేచి క్యారియరు కట్టేదాన్ని. తను కొత్త చెప్పులు కొనుక్కుంటానంటే, "పాతవాటికి కుట్టు వేయించు, ముందు పర్మనెంటు కానివ్వు" అన్నాను.

కంపెనీ వాళ్లు పనివాళ్లందరికీ కొత్తగా జీవితబీమా తీశారు. మనిషి పోతే ఆ డబ్బు ఎవరికివ్వాలో ప్రతివాళ్లూ ఒక పేరు చెప్పాలి. నెలాఖరులోగా అందరి పేర్లూ రాబట్టే పని మా పిల్ల మీద పడింది. "ఇది చేయలేకపోతే పర్మనెంటు మాట మరిచిపో" అన్నాడట పై ఆఫీసరు.

అక్కడే పొరపాటు చేసింది. ఆ వారంలోనే కొత్త మిషన్లు దిగాయి. పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరికీ మిఠాయి పంచారు. అందరూ ఒకచోట ఉన్నారు కదా అని ఈ మహాతల్లి మైకు పట్టుకుంది. "మీలో ఎవరైనా చనిపోతే డబ్బు ఎవరికి రావాలో ఈరోజే చెప్పండి" అంది.

తప్పు తనదే అనను. మా ఇంట్లో చావు మాట చుట్టం లాంటిది. "ఈ రాత్రే పిలిచినా సిద్ధంగా ఉంచు ప్రభువా" అని సాయంత్రం ప్రార్థనలో రోజూ అనుకుంటాం, ఆ వెంటనే చారు వేడిచేసుకుంటాం. సమాధుల తోటలో మా ఆయన పక్కన నా చోటు ఏదో కూడా దీనికి వేలు పెట్టి చూపించినదాన్ని. ఆ మాటకు ఉలిక్కిపడేవాళ్లు ఉంటారని పిల్లకెలా తెలుస్తుంది?

కుట్టేవాళ్లందరికీ పెద్దదిక్కులాంటి ఒకామె చేతిలోని మిఠాయి పళ్లెంలో పెట్టేసి లేచిందట. "ఏందమ్మా ఇది? కొట్టిన కొబ్బరికాయ నీళ్లు సుత ఆరలే, అప్పుడే మమ్మల్ని సంపుతున్నవా?"

ఇస్త్రీ బల్ల దగ్గరి సాయిబు తల ఊపాడట. "ఖుషీల ఉన్నప్పుడు మౌత్ మాట, సావు మాట తేవద్దు బేటీ."

ఆ రోజు నుంచీ మా పిల్ల బల్ల దగ్గరికి పురుగు కూడా రాలేదు. తను నడిచి వస్తుంటే, "అగో, యముని చెల్లె వస్తున్నది, జెర పక్కకు జరుగుండ్రి" అని నవ్వుకునేవాళ్లట. ఇంటికొచ్చి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేది.

"కెలకడానికి కాదు వండింది. తినకపోతే పారబోసే ఇల్లు కాదిది" అన్నాను.

"నన్ను తీసేస్తారు అమ్మమ్మా."

"తీసేసినప్పుడు చూద్దాం. ముందు ఆ వంకాయ తిను."

అంతకు మించి చెప్పడానికి నాకేం తెలుసు? లోపల బెంగగానే ఉంది. తను ఆ ఉద్యోగాన్ని ఇష్టపడింది. ఒక కుట్టుపని అమ్మాయికి కాన్పు సెలవు ఇప్పించిన రోజు, మెడల్ గెలిచినట్టు ఇంటికి వచ్చింది.

ఇంతలో నా కంటి ఆపరేషను రోజు వచ్చింది. నా బీరువా తాళాలు, సరుకుల అలమర తాళం ఎప్పుడూ నా నడుముకే. మా ఆయన ఉన్నప్పుడు ఆయనకూ ఇవ్వలేదు. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు గుత్తి తీసి మనవరాలి చేతిలో పెట్టాను.

"కాఫీపొడిలో చెంచా ఎక్కడిదాకా మునుగుతుందో నాకు తెలుసు. చక్కెర మూత గట్టిగా పెట్టు, చీమలు. బీరువా ఊరికే తెరవకు."

తను ఆ గుత్తి వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "ఏంటే ఆ చూపు, ఆటో వాడు వెయిటింగు అడుగుతాడు, పద" అన్నాను.

కంటికి కట్టుతో నేను మంచం మీద ఉండగా, మర్నాడు సాయంత్రం చెప్పులు కూడా విడవకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. జరిగిందంతా గొంతులు మార్చి మార్చి చెప్పింది. మైకు, బల్ల వదిలేసి, మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ఆ పెద్దామె పక్కనే వెళ్లి కూర్చుందట. చావు మాటే ఎత్తలేదు.

"అక్కా, ఊరికి పోతే ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి పోతవు?"

"చిన్న కోడలికి. పెద్దదానికిస్తే ఉప్పు డబ్బా సుత మిగల్చదు."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారట.

"ఈ బీమాకు సుత గట్లనే ఒక తాళంచెవి ఉంటదక్కా. నువ్వు దగ్గర లేనప్పుడు అది ఎవరి చేతిల ఉండాలె?"

ఆమె క్యారియరు పక్కకు జరిపి, "గీ మాట మొన్ననే అడగరాదా పిల్లా? చిన్న కోడలి పేరే రాసుకో" అందట. ఇక వరస కట్టారు. చెల్లెలికిస్తానని ఒకామె, పక్కింటామెను తప్ప ఎవర్నీ నమ్మనని ఇంకొకామె. ఇస్త్రీ సాయిబు ఎవరికీ ఇవ్వడట, గడప పక్క ఇటుక కింద పెడతాడట.

"ఇటుకకు పైసలు రావు చాచా" అందట మా పిల్ల. ఆయన గడ్డం గోక్కుని భార్య పేరు చెప్పాడు.

నవ్వితే కన్ను కదులుతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బిగబట్టుకుని పడుకున్నాను.

"ఇది నీకెవరు నేర్పారే?"

"నిన్న నువ్వు ఆపరేషనుకు పోతూ ఏం చేశావు? చస్తానని ఒక్క మాటైనా అన్నావా? తాళాలిచ్చావు, అంతే."

నెలాఖరుకు పేర్లన్నీ చేరాయి. ఆరో నెల తిరిగాక పర్మనెంటు కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొత్త కంటితో ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివాను. అప్పుడు మెల్లగా చెప్పింది, తన బీమాకు నా పేరు ఇచ్చానని.

"బుద్ధుందా నీకు? కాటికి కాళ్లు చాపినదాని పేరు రాస్తారా ఎవరైనా? మీ అమ్మ పేరుకు మార్పించు."

"అమ్మకు నాన్న ఉన్నాడు. నాకు తాళాలిచ్చింది నువ్వు."

"మార్పించమన్నానా?"

"నాకు పెళ్లయ్యాక మారుస్తాలే" అని లేచిపోయింది.

తాళాలు ఎప్పుడో తిరిగి తీసుకున్నాను. కాఫీపొడి చెంచాడు తగ్గింది, ఆ సంగతి అప్పుడే అడిగాను. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మాత్రం మోండా మార్కెట్ వైపు వెళ్లి, తాళాలు చేసేవాడి దగ్గర అలమర తాళంచెవికి జోడు చేయించాను. వాడు ఎక్కువ అడిగాడు. రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించి తగ్గించాను.

మనవరాలు దాన్ని ఆఫీసు కార్డు వేలాడే తాడుకే కట్టుకుంది. రోజూ బొల్లారం బస్సులో అది తన మెడలో ఊగుతూ పోయేది. కాఫీపొడి మాత్రం సాయంత్రం పూట నేను చూసుకుంటూనే ఉండేదాన్ని.