వేప గడపలో మీసాల పురుగు

మా ఇంటి గడప కింద రోజూ కాస్త పసుపు రాలి ఉండేది. శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసేది నేనే కాబట్టి, ఆరిన పసుపు పొడి అయి రాలుతోందనుకుని ఊడ్చి పారేసేదాన్ని. ఒకరోజు మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ ఆ పొడిని చూశారు.

"పసుపు రాసేది కూడా రాకపోతే ఎట్టమ్మాయ్? కాస్త గట్టిగా కలుపుకోవాల" అన్నారు.

నాకు పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటింది. ఇరవై ఏళ్ళుగా గడపలకు పసుపు రాస్తున్నాను. ఆ మాట పడి ఊరుకున్నాను గానీ మరిచిపోలేదు. ఎందుకంటే రాలింది పసుపు కాదు. గడప లోపల ఏదో కట్టెను కొరికి వెనక్కి తోసిన పొడి, పైనున్న పసుపుతో కలిసి రాలుతోంది. ఆ సంగతి మాకు వేసవి మొదట్లో ఒక ఆదివారం తెలిసింది. గడపలో చిటికెన వేలు దూరేంత కోలరంధ్రం పడింది. దాని పక్కన ఒక పెంకు పురుగు కూర్చుని ఉంది. ముదురు గోధుమ రంగు, వేలి కణుపంత ఒళ్ళు, ఒంటికంటే పొడవైన మీసాలు. పట్టుకుంటే మెడ ఆడిస్తూ కిర్రుకిర్రుమంది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గడప పోయిందన్న బాధ ఒక పక్క ఉన్నా, దాన్ని ఊరగాయ సీసాలో వేస్తున్నప్పుడు నాకు సంతోషమే కలిగిందని చెప్పాలి.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. బావగారు వచ్చారు.

మైపాడు రోడ్డు మీద మేము కిందటేడు కట్టుకున్న ఇల్లు ఇది. సింహద్వారానికి కట్టె ఇచ్చింది బావగారే. పాత ఇల్లు పడగొట్టినప్పుడు తీసిన వేప దూలాలు ఆయన షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. వాటిలో నుంచి ఇచ్చారు. ఇచ్చిన సంగతి గృహప్రవేశానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పారు కూడా. ఇప్పుడు ఆయన రంధ్రాన్నీ సీసానూ మార్చి మార్చి చూసి తేల్చేశారు.

"వేపకు పురుగు పడతాదా ఎక్కడన్నా? ఇది నా కట్టె కాదు. ఆ సాయిబు నా వేప దూలం దాచుకుని మామిడి కట్టె బిగించిపోయినాడు. ఈ పురుగు నాకు తెలీదా, నా తోటలో మామిడి చెట్లు తొలిచేది ఇదే. ఆ మీసాలు చూడు."

సాయిబు అంటే మా ద్వారబంధం చేసిన వడ్రంగి. అతని మీద నాకూ ఒక కోపం ఉంది. మొదటిరోజు టేపు చేత్తో పట్టుకుని ఎదురుగా నేను నిలబడి ఉంటే, నా భుజం మీదుగా లోపలికి చూసి "సారు లేడా అమ్మా, కొలతలు మాట్లాడాల" అన్నాడు. దాన్ని నేను వదల్లేదు. అయితే అతని మీద నా కోపం అతను అన్నదానికి. చేశాడో లేదో తెలియనిదానికి మనిషిని దొంగ అనడం నాకు చేతకాదు.

బావగారికి చేతనవుతుంది. సాయంత్రానికి ఆ మాట టీ కొట్టు దాకా పోయింది. అక్కడి నుంచి రొయ్యల గుంటల ఆసామి ఒకాయన చెవిన పడింది. ఆయన మా ఊరికి కాస్త అవతల పెద్ద ఇల్లు కడుతున్నారు. తలుపులూ కిటికీలూ అన్నీ ఈ వడ్రంగికే చెప్పి ఉన్నారు. ఆ పని చేతికొస్తుందని అతను నెల్లూరులో వేరే పనులు వదులుకున్నాడు. ఆసామి నుంచి ఫోన్ వచ్చింది: కొన్నాళ్ళు ఆగు భాయ్, తర్వాత చూద్దాం.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప ముందు గొంతుకూర్చుని రంధ్రంలోకి చీపురు పుల్ల పెట్టి చూస్తూ ఉండిపోయాడు.

"కట్టె మార్చావా భాయ్?" అని అడిగాను.

"లేదు టీచరమ్మా."

"ఆ మాట మా బావగారితో అన్నావా?"

"అంటే, వేపలోకి పురుగెట్టా వచ్చిందిరా అంటాడు. అది నాకూ తెలీదు. నేను పుట్టి బుద్ధెరిగి వేపలో పురుగు చూళ్ళేదు. ఆయన్నే నమ్ముతారు గదమ్మా ఎవరైనా. నేనైనా నమ్ముతా."

టీ ఇస్తే తాగాడు. గ్లాసు కడిగి పెట్టాడు. అది కడగనవసరం లేదని చెప్పేలోపే కడిగేశాడు.

ఆ రోజు బడి నుంచి వచ్చాక భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. పురుగుల్ని గుర్తించడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్కో మెట్టులో రెండే ప్రశ్నలు: ఇలా ఉందా, అలా ఉందా? ఒకదానికి అవునని చెబితేనే తర్వాతి మెట్టు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. మా ఇంట్లోలాగా జవాబు చెప్పకుండా గొంతు పెంచి దాటిపోవడానికి వీలుండదు. మీసం మొదలును చుట్టుకుని చిక్కుడు గింజలా వంగిన కన్ను ఉందా? ఉంది. పాదంలో నాలుగే కణుపులు కనబడుతున్నాయా? కనబడుతున్నాయి, ఇంకొకటి చిన్నదై లోపల దాక్కుని ఉంది. అయితే ఇది పొడుగు మీసాల పెంకు పురుగుల కుటుంబమే. అంతవరకు బావగారు చెప్పింది నిజం. కానీ ఆ కుటుంబంలో వేలాది జాతులున్నాయి. మీసాలు పొడవు కాబట్టి అన్నీ ఒకటే అనడం, రెండు జడలు వేసుకున్నారు కాబట్టి మా బడి పిల్లలంతా ఒక తల్లి బిడ్డలే అన్నట్టు ఉంటుంది.

కుటుంబం కింద ఉపకుటుంబాలు. అక్కడ చూడవలసింది ముఖం. మామిడిని తొలిచే పురుగుకు ముఖం ఆవు మొహంలా నిటారుగా కిందికి దిగి ఉంటుంది. సీసాలో ఉన్నదానికి ముఖం ముందుకు వాలి ఉంది. నోటి పక్కన ఉండే చిన్న స్పర్శకాల చివర మామిడిదానికి మొనదేలి ఉండాలి, దీనికి మొద్దుగా ఉంది. అంటే ఇవి వేరు ఉపకుటుంబాలు. నాతో డిగ్రీ చదివి ఇప్పుడు పురుగుల మీద పరిశోధన చేస్తున్న ఒకామెకు ఫోటోలు పంపాను. ఆమె నన్ను తన పెళ్ళికి పిలవలేదు. అయినా పంపాను. జవాబుగా వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఇది ఎండిన కట్టె పురుగే. బెరడు కూడా అక్కర్లేదు, కోసిన కట్టె పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. వేపనీ వదలదు. లోపల పిల్లపురుగు ఏళ్ళ తరబడి ఉంటుంది."

మా ద్వారబంధం నిలబెట్టి ఏడాదే. అయితే పురుగు అంతకుముందే కట్టెలో ఉండాలి. ఏ కట్టెలో అన్నదే మిగిలింది.

ఆదివారం బావగారి షెడ్డుకు వెళ్ళాను. వెళ్ళేముందు ఫోన్ చేసి, వారి తోటలో మామిడి పురుగు ఒకటి దొరికితే పట్టి ఉంచమని అడిగాను. తన మాట రుజువు చేయడానికే అనుకుని ఉత్సాహంగా పట్టి ఉంచారు. ఆయన గుంటలకు తెచ్చిన రొయ్యల మేత బస్తాల వెనక మిగిలిన వేప దూలాలు ఉన్నాయి. బస్తాలు జరిపించాను. దూలాల నిండా అవే కోలరంధ్రాలు. ఒక రంధ్రంలో బయటికి రాలేక చచ్చిన పురుగు తల కనబడుతోంది. పిన్నుతో లాగాను. పీట మీద మూడింటినీ వరుసగా పెట్టాను: మా గడపది, షెడ్డుది, మామిడి చెట్టుది.

"చూడండి బావగారూ. మీ మామిడిది నిటారు మొహం, మెడకు అటొకటి ఇటొకటి ముల్లు. ఈ రెండిటికీ ముల్లు లేదు, మొహం ముందుకు వాలింది. మా గడపలో ఉన్నది మీ దూలాల్లోదే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అయితే నేను పురుగు పట్టిన కట్టె ఇచ్చినానంటావా?"

"మీకు తెలిసి ఇచ్చారనలేదు. భాయ్ కట్టె మార్చలేదంటున్నాను."

"ఏ మొహమైతే ఏముందిలేమ్మా. పురుగు పురుగే."

ఆసామికి మీరే చెప్పండి అంటే, నాకు గుంటలకాడ పని ఉండాదని లేచిపోయారు. అందుకని మూడు పురుగుల్నీ పట్టుకుని నేనే వెళ్ళాను. ఆసామి మర్యాదస్థుడు. కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు, భూతద్దంలో నుంచి మూడు మొహాలనూ ఓపికగా చూశారు.

"నిజమే మేడమ్, వేరే వేరేగానే ఉండాయి. పాపం, ఊరికే ఆ మనిషిని అనేసినాము."

"అయితే పని అతనికే ఇస్తారు గదా?"

"కిటికీలన్నీ అతనికే. లోపలి తలుపులు కూడా. సింహద్వారం మాత్రం వేరేవాళ్ళకు చెప్పేసినా. ఒకసారి మాట వచ్చినాక ఇంట్లో ఆడోళ్ళకు మనసొప్పదు గదా."

వడ్రంగికి ఆ రోజే చెప్పాను. అతను రెండు చేతులూ జోడించాడు. వేసవంతా పని దొరికిందన్నాడు, కిటికీలే ఎక్కువ కదమ్మా అన్నాడు. మా గడప తీసి కొత్తది బిగించి వెళ్ళాడు. మిగతా బంధానికి మందు పూశాడు. ఇప్పుడు బావగారు ఎదురుపడితే తనే ముందు సలాము చేస్తాడు. బావగారు తల ఊపుతారు. ఇద్దరికీ అది అయిపోయిన సంగతి.

ఆ ఆసామి ఇల్లు పూర్తయింది. బడికి వెళ్ళే బస్సు దాని ముందునుంచే పోతుంది. సింహద్వారం టేకుతో చేశారు, నగిషీ బాగుందని అందరూ అంటారు. నేను ఇంతవరకు అది బాగుందని అనలేదు.