కప్పును తట్టి విన్న మిత్రుడు

నేనూ నా మిత్రుడూ కలిసి కొని బాగుచేయించుకున్న పోతిరెడ్డిపల్లి ఇంటి కాగితాల్లో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాడు ఆ ఇంటికి చేసింది మాత్రం వాటిలో లేదు, అందుకే రాస్తున్నాను.

మరమ్మతు చేసిన ప్రతిచోటా వాడు వేలి కణుపుతో తట్టి వినేవాడు. "ఎంత కొట్టినా తలుపు తియ్యరు సార్, లోపల ఎవ్వరు లేరు," అని మేస్త్రి యాదయ్య నవ్వేవాడు.

మా పాప గది కప్పుకు కొత్త ప్లాస్టరింగ్ అయ్యాక, గ్రంథాలయంలో ఇళ్ల పనుల పుస్తకాలు చదివిన ధీమాతో నేను బాగుందన్నాను. వాడు నిచ్చెనెక్కి తట్టాడు.

"బోలుగ మోగుతుందిరా. కొట్టెయ్ యాదయ్యా."

సుత్తి తగలగానే పెద్ద పెచ్చు ఊడి, సరిగ్గా ఊయల కట్టే చోట పడింది.

తన గదిని వాడు చివరికి ఉంచుకున్నాడు. అది చేయించకముందే గుండెపోటుతో పోయాడు. మొన్న ఆ గది కప్పును నేను తట్టాను, తేడా తెలియలేదు. యాదయ్య తట్టి, కాసేపు విని, "బోలే సార్. రేపే కొట్టేస్త," అన్నాడు.

గది తాళం ఇచ్చిన వాడి భార్య సుజాతమ్మకు, నిచ్చెన పట్టుకున్న కూలీ లక్ష్మికి, వాడిలాగే తట్టి విన్న యాదయ్యకు నా కృతజ్ఞతలు.